సారెలో పంతొమ్మిది గోల్స్

హరిణి పెళ్లయిన మూడో రోజున, చినకొలను మహిళా డిగ్రీ కాలేజీ తరఫున ఆమె కొట్టిన పంతొమ్మిది గోల్స్‌నీ మూతలు గట్టిగా పట్టే స్టీలు డబ్బాల్లో సర్ది, సున్నుండలూ కజ్జికాయలతో పాటు సారెగా అత్తవారి ఊరు కొమ్మరవరానికి పంపించారు. ఆ జోన్‌లో ఉన్న ఏడు కాలేజీల్లోనూ అదే పద్ధతి. ఆడపిల్లకి పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది, రేషన్ కార్డు మారుతుంది, ఓటు మారుతుంది. ఇన్ని మారాక ఆ పిల్ల కొట్టిన గోల్ మాత్రం పుట్టింట్లో కూర్చుని ఏం చేస్తుందని అందరూ అనుకునేవారు. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందని ఎవరూ అడగలేదు. అడగడానికి ఒక ఫారం ఉండేది గానీ, అది చాలా ఏళ్ల నుంచీ అచ్చులో లేదు.

డబ్బాలు సర్దింది రాహేలు. చినకొలను జట్టుకి గోల్‌కీపరు, హరిణికి ఆరో తరగతి నుంచీ స్నేహితురాలు. గోల్స్ సర్దడంలో కొన్ని మెళకువలుంటాయి. వర్షంలో కొట్టినవాటిని రెండు రోజులు నీడన ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడతాయి. తలతో కొట్టినవి తేలిక, వాటిని పైన పెట్టాలి. పెనాల్టీ గోల్స్ తొందరగా మెత్తబడతాయి కాబట్టి వాటి కింద వరిపొట్టు పోయాలి. హరిణి మంచం మీద కూర్చుని గోరింటాకు చేతుల్లో ఒక గోల్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. అది ఆమె మొట్టమొదటి గోల్. ఫస్టియర్లో, జోరువానలో, రాహేలు తన గోల్ దగ్గర నుంచి విసిరిన బంతి హరిణి ఎడమ కాలి ఎముకకి తగిలి, బురదలో సిగ్గుపడుతూ సిగ్గుపడుతూ వెళ్లి లోపల పడింది. ఆకారం కూడా సరిగా లేదు, ఒక పక్క సొట్ట.

"దీన్నొక్కదాన్నీ ఇక్కడే నా పేరున ఉంచేసుకోనా?" అంది హరిణి.

"ఏం, మొగుడు చాల్లేదా?" అంది రాహేలు. "ఫారంలో పంతొమ్మిదని రాశారే. పద్దెనిమిదే దిగితే మీ అత్తగారు డబ్బాలు బోర్లించి వెతుకుతుంది."

"సొట్టది కదే. దీనికోసం ఎవరేడుస్తారు?"

"సొట్టదైనా గోలే. స్కోరులో సొట్టలు కనపడవు. ఇలా తే."

హరిణి ఇచ్చేసింది. ఇచ్చేసింది గానీ, మనసులోంచి పోలేదు. పెళ్లంటే ఆమెకి చాలా సంతోషంగా ఉంది. ఫణీంద్ర మంచివాడు. తాళి కట్టేటప్పుడు చెవిలో "మెడ నొప్పెడుతోందా?" అని అడిగినవాడు. అతనితో వెళ్లడానికి ఆమెకి ఏ ఇబ్బందీ లేదు. తన సామానంతా వెళ్లడానికీ లేదు. కానీ యాళ్ల హరిణి అనే మనిషి ఒకామె ఆ ఊళ్లో ఇరవై ఏళ్లు పరిగెత్తిందనడానికి, ఆ ఊరి రికార్డులో ఒక్కటంటే ఒక్కటి మిగిలితే బాగుండునని ఆమె కోరిక. అంతకంటే పెద్ద కోరికేమీ కాదు.

ఆ మాటే జోనల్ క్రీడా కార్యాలయంలో గోల్స్ బదిలీ సెక్షన్ గుమాస్తా విశ్వేశ్వరం గారిని అడిగింది. ఆయన దరఖాస్తు చూస్తున్నాడు. శుభలేఖ ఒకటి, ఫొటోలు రెండు, అందులో ఒకటి మంగళసూత్రం స్పష్టంగా కనపడేలా. అన్నీ జత చేసి ఉన్నాయి. ఆయన నియమాల పుస్తకం తీసి, పాపం, నిజంగానే వెతికాడు.

"గోల్స్‌ని విడదీయడానికి లేదమ్మా" అన్నాడు చివరికి. "తలుపులు వేరు, గడప వేరు అంటే కుదరదు కదా, అలాగే. తప్పిపోయినవైతే మాత్రం ఎటూ పోవు. గోల్‌లో పడకుండా పక్కకెళ్లిన తన్నులు ఎప్పటికీ పుట్టింటి పేరునే ఉంటాయి. వాటిని ఎవరూ అడగరు, అందుకని బదిలీ ఫారమే లేదు."

"అయితే నావెన్ని ఉన్నాయండీ?"

"రాయలేదమ్మా. లీగ్ మ్యాచుల్లో తప్పినవి రాయరు. ఫైనల్లో పెనాల్టీ తప్పితేనే రాస్తారు, పేరూ ఊరూ సహా."

"ఫైనల్ నాటికి నేను కొమ్మరవరం అమ్మాయిని కదండీ. అప్పుడు ఏ పేరు రాస్తారు?"

విశ్వేశ్వరం గారు ఆమెని జాలిగా చూశాడు. "గోలైతే అత్తింటి పేరు. తప్పితే పుట్టింటి పేరు. తప్పెప్పుడూ పుట్టింటిదేనమ్మా. లేకపోతే అత్తింటివాళ్లు ఒప్పుకోరు" అని, ముద్ర వేశాడు.

హరిణి ఆ మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంది.

పంతొమ్మిది గోల్స్ వెళ్లిపోగానే చినకొలను గెలిచిన మ్యాచులు ఒక్కొక్కటే ఓడిపోవడం మొదలుపెట్టాయి. మూడు–ఒకటి అన్నది సున్నా–ఒకటి అయింది. రెండేళ్ల కిందట ఓడిపోయి ఏడ్చుకుంటూ బస్సెక్కిన జట్లకి "పరిశీలన మీదట మీరు గెలిచినట్టు తేలినది" అని ఉత్తరాలు వెళ్లాయి. ఒక కాలేజీ వాళ్లు మండుటెండలో ఊరేగింపు తీసి టపాసులు కాల్చారు. ఆ మ్యాచ్ ఆడిన పిల్లలు అప్పటికే పెళ్లిళ్లయి వేరే ఊళ్లలో ఉన్నారు కాబట్టి, ఊరేగింపులో వాళ్ల ఫొటోలు పట్టుకున్నారు.

కొమ్మరవరం కాలేజీ సంగతి వేరు. ఆ జట్టు తొమ్మిదేళ్లుగా ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఆ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ గంధం సత్యప్రసాద్ మాస్టారు మొదట్లో అందరిలాగే పిల్లల్ని పొద్దున్నే లేపి పరిగెత్తించి చూశాడు. ఎంత పరిగెత్తించినా, బాగా ఆడడం మొదలెట్టిన పిల్ల వెంటనే పెళ్లై ఇంకో ఊరికి వెళ్లిపోయేది. ఒకనాడు ఆయన మెడలోంచి విజిల్ తీసేసి పంచాంగం కొన్నాడు. కొట్టిన గోల్ ఎలాగూ పోతుంది, వచ్చే గోల్‌ని రప్పించుకోవడమే ఆట అని ఆయనకి అర్థమైంది. మైదానంలో గేదెలు మేశాయి. మాస్టారి చేతిలో ఊళ్లోని పెళ్లికాని కుర్రాళ్ల ఫొటోల ఆల్బమ్ ఒకటి తయారైంది.

ఏ మ్యాచ్‌కి వెళ్లినా ఆయన స్కోరు బోర్డు కిందే కుర్చీ వేసుకునేవాడు. అవతలి జట్టులో ఎవరు గోల్ కొట్టినా, బంతి ఇంకా వలలో ఊగుతుండగానే ఆ పిల్ల గోత్రం కనుక్కునేవాడు. ఆ ఏడాది ముందుగా ఆరు గోల్స్ అమ్మాయిని రైసు మిల్లు వాళ్లింటికి తెచ్చాడు. తర్వాత అక్కాచెల్లెళ్లనిద్దరినీ ఒకే ఇంటికి, ఒకే ముహూర్తానికి. ఆ తర్వాతే హరిణి.

హరిణి పెళ్లిచూపులకి కూడా మాస్టారు వరసకి పెదనాన్ననని చెప్పి వచ్చాడు. పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు.

"కుడి కాలా, ఎడమ కాలా అమ్మా?" అని అడిగాడు.

"రెండూనండీ. ఎడమది కొంచెం నమ్మకం" అంది హరిణి.

పెళ్లివారు ఒకరి మొహాలొకరు చూసుకుని చిరునవ్వు నవ్వారు. ఫణీంద్ర మాత్రం ఎడమ కాలి సంగతి వినలేదు. ఆమె తన పళ్లెంలోంచి జీడిపప్పు ఏరి పక్కన పెట్టుకోవడం అతను చూస్తున్నాడు. తర్వాత ఇద్దర్నీ మాట్లాడుకోమని పెరట్లోకి పంపిస్తే, "మీకు జీడిపప్పు ఇష్టం లేదా?" అన్నాడు. "ఇష్టమే, చివర్లో తినడానికి దాచుకుంటున్నాను" అంది ఆమె. "నేనూ అంతే" అన్నాడతను, ఆశ్చర్యంగా. పెళ్లికి హరిణి ఒప్పుకున్నది ఆ మాట మీద.

కొమ్మరవరంలో సారె దిగిన రోజున వీధిలో ఆడవాళ్లంతా చూడటానికి వచ్చారు. డబ్బాల మూతలు తీసి, గోల్స్‌ని వేలితో తట్టి చూశారు.

"హెడ్డరు ఒక్కటేనా పెట్టారు?"

"వాళ్ల వైపు హెడ్డర్లు తక్కువేనంట వదినా."

"మా రెండో కోడలు పదకొండే తెచ్చింది గానీ, అన్నీ దూరం నుంచి కొట్టినవే. ఇదేంటి, సొట్ట పోయిందీ?"

"అది మొదటిదండీ" అంది హరిణి.

అత్తగారు చిట్టెమ్మ ఆ సొట్ట గోల్‌ని తీసుకుని, కొంగుతో తుడిచి, డబ్బాలో అన్నిటికంటే కింద పెట్టింది. ఆవిడ కటువు మనిషి కాదు. అందరూ వెళ్లాక హరిణిని ముందుగదిలోకి తీసుకెళ్లి గోడ మీద ఒక పటం చూపించింది. అందులో మావగారి ఫొటో ఉంది. కింద 'ఖోఖో, నలభై మూడు పాయింట్లు' అని బంగారు అక్షరాలున్నాయి.

"నావేనమ్మాయ్" అంది ఆవిడ. "ముప్ఫై ఏళ్లయింది. పటం కట్టించారు కాబట్టి చెక్కుచెదరలేదు. మొన్నమొన్నటిదాకా ఏ పాయింటు ఎలా వచ్చిందో చెప్పేదాన్ని. ఇప్పుడు మీ మావయ్య గారే చెబుతున్నారు. ఆయనకే బాగా గుర్తు."

పంతొమ్మిది గోల్స్‌నీ కాలేజీ రిజిస్టరులో ఎక్కించారు. గోల్ కొట్టినవారు అన్న గడిలో 'కొప్పిశెట్టి ఫణీంద్ర' అనీ, ఎలా అన్న గడిలో 'భార్య కాలి ద్వారా' అనీ రాశారు. ఫణీంద్ర మార్కెట్ యార్డులో ధాన్యం తూకం దగ్గర పని చేస్తాడు. జన్మలో బంతి తన్నినవాడు కాదు. పెళ్లయిన వారానికి యార్డులో ఎవరో భుజం తట్టి "ఎడమ కాలితో భలే కొట్టావయ్యా" అంటే చెవులు ఎర్రబడిపోయాయి.

"నాకెంత సిగ్గేసిందో తెలుసా?" అన్నాడు ఇంటికొచ్చి.

"ఏం చెప్పారు మరి?"

"ఏం చెప్తాను? థ్యాంక్స్ అన్నాను."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. ఆ రోజుల్లో వాళ్లకి నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కాఫీ గ్లాసులు మారిపోతే నవ్వొచ్చేది. ఒకే గొడుగులో బజారుకెళ్లి ఇద్దరూ సగం సగం తడిసొస్తే నవ్వొచ్చేది. సాయంత్రం కాలవ గట్టు మీద మిరపకాయ బజ్జీల బండి దగ్గర మూడు బజ్జీల పొట్లం ఒక్కటి కొనుక్కుని, ఆఖరి బజ్జీ నువ్వు తినంటే మీరు తినండని పావుగంట వాదించుకునేవారు. ఆ వాదన కోసమే హరిణి రోజంతా ఎదురుచూసేది.

రెండో వారంలో, ఆ మొదటి గోల్ ఎలా కొట్టావని ఎవరో అడిగితే, ఫణీంద్ర హరిణిని అడిగి తెలుసుకుని చెప్పాడు. నాలుగో వారానికి అడక్కుండానే చెప్పాడు. ఆషాఢం దగ్గరపడేసరికి "ఆ రోజు వానండీ, నేల జారుతోంది, రాహేలు బంతి విసిరింది, నేను చూడనట్టు చూశాను..." అని అతను చెబుతుంటే యార్డులో హమాలీలు బస్తాలు దించి వినేవారు. అబద్ధమాడుతున్నట్టు అతనికి అనిపించలేదు. అతని ఎడమ కాలు నిజంగానే కొంచెం నొప్పి పుట్టడం మొదలైంది. హరిణి రోజూ నువ్వుల నూనె రాసేది.

సెమీఫైనల్ ఆషాఢంలో పడింది. కొత్త కోడళ్లందరూ పుట్టిళ్లలో ఉన్నారు కాబట్టి రెండు జట్లూ మైదానానికి రాలేదు. రెఫరీ తొంభై నిమిషాలు ఒంటరిగా నిలబడి, మధ్యలో విశ్రాంతి కూడా తీసుకుని, నిల్వ ఉన్న గోల్స్ లెక్కన కొమ్మరవరం గెలిచినట్టు ప్రకటించాడు. మ్యాచ్ చాలా క్రమశిక్షణగా జరిగిందని నివేదికలో రాశాడు.

ఫైనల్లో ఎదుటి జట్టు చినకొలను.

పంతొమ్మిది గోల్స్ పోగొట్టుకున్న చినకొలను ఫైనల్‌కి ఎలా వచ్చిందంటే, రాహేలు వల్ల. ఆమె ఆ ఏడాది తన గోల్‌లో ఒక్క బంతిని కూడా పడనివ్వలేదు. ఆపిన గోల్ అంటే జరగని గోల్. జరగనిదానికి కాగితం ఉండదు. కాగితం లేనిదాన్ని బదిలీ చెయ్యలేరు. అందుకే మాస్టారి ఆల్బమ్‌లో ఏ వరుడూ రాహేలుకి నప్పలేదు. ఆమెకి ఆమే చర్చిలో ఒక సంబంధం చూసుకుంది. అబ్బాయి పేరు ఏలియా, కొమ్మరవరం కరెంటు లైన్‌మ్యాన్. ప్రధానం అయిపోయింది, పెళ్లి వచ్చే నెల.

ఫైనల్ రోజు మైదానంలోంచి గేదెల్ని తోలేశారు. కొమ్మరవరం కోడళ్లు పదకొండుమందీ నల్లపూసలు జెర్సీల్లోకి దోపుకుని బరిలోకి దిగారు. గ్యాలరీలో అత్తగార్లు వరసగా కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. సబ్‌స్టిట్యూట్ల బెంచీ మీద ముగ్గురు రిజర్వు వరులు పట్టుపంచెల్లో సిద్ధంగా ఉన్నారు. అవతలి జట్టులో ఎవరు గోల్ కొడితే వాళ్లకి సరిపోయేలా మూడు కులాల వాళ్లని మాస్టారు జాగ్రత్తగా ఎంపిక చేశాడు.

"ఏమే కొప్పిశెట్టి వారి కోడలా" అంది రాహేలు, చేతి తొడుగులు బిగించుకుంటూ. "ఒళ్లు చేశావు."

"బజ్జీలే. నువ్వు కూడా ఈ ఊరేగా వస్తావు, చూద్దాం నీ సంగతి."

"నా గోల్‌లో వేస్తావా ఏంటి?"

"వేస్తే అది నాది కాదులే" అంది హరిణి.

మొదటి సగంలో ఏమీ జరగలేదు. రెండో సగంలో పన్నెండో నిమిషాన రాహేలు తన గోల్ ముందు నుంచి బంతిని బలంగా తన్నింది. వెనక నుంచి గాలి లేచింది. బంతి మైదానమంతా దాటి, కొమ్మరవరం గోల్‌కీపరు ముందు ఒక్కసారి నేల తాకి, ఆమె తల మీదుగా వెళ్లి వలలో పడింది. జన్మలో రాహేలు కొట్టిన మొదటి గోల్ అది. ఆమె నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది. సంతోషం పట్టలేక హరిణి కూడా చప్పట్లు కొట్టబోయి, అత్తగార్ల వైపు చూసి, జడ సర్దుకున్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుంది.

చినకొలను ఒకటి, కొమ్మరవరం సున్నా. ఇంకో పాతిక నిమిషాలకి చినకొలను పిల్ల చేతికి బంతి తగిలి, కొమ్మరవరానికి పెనాల్టీ వచ్చింది. తన్నవలసింది హరిణి.

ఆమె బంతిని తెల్లచుక్క మీద పెట్టింది. గ్యాలరీలో ఫణీంద్ర లేచి నిలబడి, అందరూ చూస్తుండగా తన ఎడమ కాలు రెండుసార్లు విదిలించాడు. హరిణికి విశ్వేశ్వరం గారి మాట గుర్తుంది. ఇది పడితే ఇరవయ్యోది, ఫణీంద్రది. పడకపోతే, ఫైనల్లో తప్పిన పెనాల్టీ, రాతపూర్వకంగా, పేరూ ఊరూ సహా తనది. ఆమె ఐదడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి, నమ్మకమైన ఎడమ కాలితో, చాలా అందంగా, బంతిని గోల్ పైనుంచి, ప్రహరీ గోడ పైనుంచి, కొబ్బరిచెట్ల పైనుంచి కాలవలోకి కొట్టింది.

"కావాలనే కొట్టావు కదే, దొంగమొహమా" అంది రాహేలు మెల్లిగా.

మైకులో ప్రకటన వచ్చింది. "పెనాల్టీ తప్పినది. తన్నినవారు, యాళ్ల హరిణి, చినకొలను."

మూడు నెలలైంది ఆ పేరు విని. అది మైదానమంతా తిరిగి, గోడకి తగిలి, రెండోసారి కూడా వినపడింది. గ్యాలరీలో చిట్టెమ్మ "పుట్టింటి అలవాటు" అంది, కోపంగా కాదు, పద్ధతి ప్రకారం. హరిణి నడుము మీద చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నవ్వింది. పెళ్లయ్యాక వచ్చిన చిన్న సంతోషాల్లో అది మరొకటి, ఇంకాస్త పెద్దది.

సత్యప్రసాద్ మాస్టారు కంగారుపడలేదు. ఆయన రిజర్వు వరుల వైపు కూడా చూడలేదు. ఊళ్లో కుదిరిన పెళ్లిళ్ల రిజిస్టరు తిరగేసి, వేలు పెట్టి ఒక వరస చదివి, లేచి రెఫరీ దగ్గరికి వెళ్లి ఆట ఆపించాడు. గ్యాలరీలో వేరుశెనక్కాయలు వలుచుకుంటున్న ఏలియాని కిందకి పిలిచాడు. పాస్టరు గారు కూడా అక్కడే ఉన్నాడు, ఆట చూడటానికొచ్చాడు.

"ఎలాగూ వచ్చే నెల చేసుకునేదే కదమ్మా" అన్నాడు మాస్టారు రాహేలుతో, చాలా మర్యాదగా. "ఓ పది నిమిషాల పని."

రాహేలు ఏలియా వైపు చూసింది. ఏలియా చేతిలోని తొక్కలు ఎక్కడ పారేయాలో తెలియక జేబులో వేసుకున్నాడు. ఆమె హరిణి వైపు చూసింది.

"ఇప్పుడైతే జాకెట్టు కుట్టించే పని తప్పుతుందిలే" అంది.

మైదానం మధ్యలో, సున్నంతో గీసిన గుండ్రటి గీతలో పెళ్లి జరిగింది. చేతి తొడుగు మీద ఉంగరం ఎక్కకపోతే పాస్టరు గారు ప్రార్థన ఆపి ఎదురుచూశాడు. ఆమేన్ అనగానే స్కోరు బోర్డు మీద ఒకటి అంకె చినకొలను పక్క నుంచి కొమ్మరవరం పక్కకి జరిగింది. అత్తగార్లు అక్షింతలు లేక మజ్జిగ చిలకరించారు. పెళ్లికి పట్టిన పదకొండు నిమిషాలనూ రెఫరీ అదనపు సమయంలో కలిపాడు.

నియమం ప్రకారం ఆ క్షణం నుంచీ రాహేలు కొమ్మరవరం అమ్మాయి. ఆమె తన గోల్ ముందున్న నీళ్ల సీసా తీసుకుని, మైదానం ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కతే నడిచొచ్చి, అక్కడి కీపరుని బెంచీ మీదకి పంపి, అవతలి గోల్‌లో నిలబడింది. చినకొలను గోల్ ఖాళీగా మిగిలింది. ఆట తిరిగి మొదలైంది. చినకొలను పిల్లలు ఆఖరి నిమిషాల్లో నాలుగుసార్లు మీదకొచ్చారు. ఒకటి తర్వాత ఒకటి నాలుగు బంతుల్నీ రాహేలు ఆపేసింది. ఆ పిల్లలు ఎటు తన్నుతారో ఆమెకి తెలుసు. నేర్పించింది ఆమే.

కొమ్మరవరం ఛాంపియన్ అయింది. కాలేజీ మెట్ల మీద ఫొటో తీశారు. ముందు వరసలో భర్తలు పదకొండుమందీ కప్పు పట్టుకుని, చివర్లో పన్నెండోవాడిగా ఏలియా, కొత్త కాబట్టి కొంచెం సిగ్గుపడుతూ. వెనక వరసలో భార్యలు, స్వీట్ల పళ్లేలతో. ఫణీంద్ర కాస్త కుంటుతున్నాడని అతనికి కుర్చీ వేశారు. "పెనాల్టీ పోయిందిగానీ, సీజన్ మొత్తం నువ్వేగా లాక్కొచ్చావు" అని అందరూ అతన్ని ఓదార్చారు.

ఆ తర్వాతి సోమవారం హరిణి జోనల్ కార్యాలయానికి వెళ్లింది. ఫణీంద్ర బండి మీద దింపి, తను కింద ఉంటానన్నాడు. విశ్వేశ్వరం గారు ఆమెని గుర్తుపట్టి లేచి నిలబడినంత పని చేశాడు.

"చాలా దూరం కొట్టావమ్మా. కాలవలో పడిందట కదా. మా రికార్డులో ఇంత శుభ్రంగా తప్పింది ఇంకోటి లేదు" అని, పెద్ద పుస్తకం తెరిచి చూపించాడు. యాళ్ల హరిణి, చినకొలను. తప్పినది. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో. హరిణి ఆ వరసని వేలు పెట్టి చివరిదాకా చదివింది.

"దీని నకలు ఒకటి ఇస్తారా?"

"ఎందుకివ్వను? నీదే కదా. ఇక్కడ సంతకం చెయ్యి. పుట్టింటి పేరుతో ఉంది కాబట్టి పాత సంతకం కావాలి."

హరిణి పెన్ను తీసుకుంది. 'య' రాయబోయింది. చెయ్యి దానంతటదే 'కొ' రాసింది. ఆమె నవ్వి కొట్టేసింది. రెండోసారి నెమ్మదిగా మొదలుపెట్టింది. కొప్పిశెట్టి అని పూర్తయ్యాక గానీ తెలియలేదు. మూడోసారి కళ్లు మూసుకుని, ఫస్టియర్ హాల్ టికెట్ మీద ఎలా చేసేదో గుర్తుచేసుకుని చేసింది. అక్షరాలు వచ్చాయి గానీ, ఎవరో పేరు రాసినట్టు వచ్చాయి. విశ్వేశ్వరం గారు పాత దరఖాస్తు తీసి, పక్కన పెట్టి, కళ్లజోడు ఎత్తి చూశాడు.

"సరిపోవడం లేదమ్మా."

"ఇంకోసారి చేస్తానండీ."

"మూడుసార్లే అవకాశం. ఏం ఫరవాలేదు, అందరికీ ఇంతే. మూడు నెలలు చాలు, చెయ్యి మర్చిపోతుంది. మీ అత్తగారు కూడా వచ్చారు ఒకప్పుడు, ఏదో తప్పిపోయిన ఖోఖో పాయింటు కోసం. అప్పుడు మా నాన్నగారుండేవారు ఈ సీట్లో." ఆయన పుస్తకంలో ఆ వరసకి ఎదురుగా 'హక్కుదారు రాలేదు' అని రాసి, సిరా ఆరేదాకా ఊది, మూసేశాడు. "కాఫీ తాగి వెళ్తావా?"

"వద్దండీ. కింద ఆయన ఉన్నారు."

ఫణీంద్ర బండికి ఆనుకుని, చేతిలో వేడి వేడి పొట్లంతో ఎదురుచూస్తున్నాడు. బజ్జీలు రెండే ఉన్నాయి.

"మూడోదేదీ?"

"ఆగలేకపోయాను" అన్నాడు తప్పు ఒప్పుకుంటూ. "పనైందా?"

"అయింది."

ఆమె బజ్జీ కొరికి, నాలుక కాలి, ఉఫ్ ఉఫ్ అంటూ వెనక కూర్చుంది. బండి కాలవ గట్టు మీదకి ఎక్కింది. గాలి చల్లగా ఉంది. నీళ్లలో ఎక్కడో ఆ బంతి ఉంటుందని హరిణి కాసేపు చూసింది. తర్వాత అతని వీపు మీద, చొక్కా మీద, చూపుడు వేలితో తన పాత సంతకం రాయడానికి ప్రయత్నించింది. తుడిచేసి మళ్లీ రాసింది. మళ్లీ రాసింది.

"చక్కిలిగింతలు పెట్టకు, కాలవలో పడతాం" అన్నాడు ఫణీంద్ర మెలికలు తిరుగుతూ. "ఏం రాస్తున్నావో చెప్పేయనా? మన పేరేగా!"

హరిణి వేలు అక్కడే ఆగింది.

"అవునండీ" అంది. "మన పేరే."